అస్తెనెయా అను మాట

చదువవలసిన భాగములు: 2 కొరింథీయులకు 12:1–10, లూకా 13:10–17



ఈ నెల పాఠమునకు ఆధారము ఒక ఆసుపత్రి కాగితము. హనుమాన్ జంక్షను చుట్టుప్రక్కల మేము పరిచర్య చేయు గ్రామములలో ఒకదానినుండి ఒక సహోదరి దానిని బైబిలులో మడిచి పెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమెకు ముప్పదియైదేండ్లుండును. ఇద్దరు ఆడపిల్లల తల్లి. నాట్లకును కలుపునకును పోయి బ్రదుకు ఈడ్చుకొను మనిషి.

"అయ్యగారూ, విజయవాడ డాక్టరుగారు నా జబ్బు పేరు ఇందులో రాశారండి. మా వాళ్లెవరికీ అర్థం కాలేదు. మీరు సెమినారీలో చదివినవారు గదండీ, చూసి చెప్పండి" అనెను.

విప్పి చూచితిమి. ‘మయస్తీనియా గ్రేవిస్’ అని ఉన్నది. మాకు వైద్యము తెలియదు. అయినను ఆ పేరు నడుమనున్న ముక్క మాకు పాత చుట్టమే. సెమినారీలో గ్రీకు పాఠము చెప్పిన అయ్యవారు మా చేత పదే పదే వల్లె వేయించిన మాట అది. పౌలు భక్తుడు తన శరీరములోని ముల్లును గూర్చి వ్రాసినప్పుడు వాడిన మాటయు అదే. కొరింథు సంఘమునకు వ్రాయబడిన మాట కూలి చేసికొను మన సహోదరి చీటీమీద కనబడుట చూచి మేము కొంతసేపు ఏమియు పలుకలేకపోతిమి.

గ్రీకువారు బలమునకు పెట్టిన పేళ్లలో స్తెనోస్ ఒకటి. మనము న్యాయమునకు ముందు ‘అ’ చేర్చి అన్యాయమందుము, శక్తుడు కానివానిని అశక్తుడందుము. ఈ ‘అ’ మనకు సంస్కృతమునుండి వచ్చినది. సంస్కృతమును గ్రీకును ఒక తల్లి బిడ్డలే గనుక గ్రీకువారికిని అదే ‘అ’ కలదు. స్తెనోస్ బలమైనయెడల అస్తెనెయా బలము లేకుండుట. ఇక ‘మూస్’ అనగా కండ. గ్రీకులో ఎలుకకును కండకును అదే పేరు. చేయి మడిచినప్పుడు చర్మముక్రింద కండ ఎలుకవలె కదలును గనుక ఆ పేరు పెట్టిరని చెప్పుదురు. గ్రేవిస్ అనునది లాటిను మాట, బరువైనది అని దాని అర్థము. అంతయు కలిపిన, కండలకు వచ్చిన బరువైన బలహీనత అని యగును.

ఆ వ్యాధి పనిచేయు తీరును డాక్టరుగారు తరువాత మాకు వివరించిరి. చేయి ఎత్తుమని మెదడు ఇచ్చు ఆజ్ఞ నరము వెంట వచ్చి కండయొద్ద ఆగి, ఒక రసము ద్వారా కండలోనికి ప్రవేశింపవలెను. క్రిములతో పోరాడవలసిన శరీరపు కావలివారే పొరబడి, ఆ రసము ప్రవేశించు ద్వారములను మూసివేయుదురు. ఆజ్ఞ వచ్చును గాని లోపల వినువారు తక్కువ. అందుచేత పని చేసినకొలది బలము తగ్గును, కొంత విశ్రమించిన తిరిగి వచ్చును. ఉదయము మేలుగా ఉండి సాయంకాలమునకు వాలిపోవుట దీని గుర్తు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అను వైద్యుడు 1672లోనే ఇట్టి రోగిని గూర్చి వ్రాసెను గాని రెండున్నర శతాబ్దములు సరియైన మందు లేకపోయెను. 1934లో లండనులో పేదల ఆసుపత్రిలో పనిచేయు మేరీ వాకర్ అను వైద్యురాలు, ఈ రోగులు దక్షిణ అమెరికాలో బాణములకు పూయు కురారే అను విషము తగిలినవారివలె ఉన్నారని గమనించి, ఆ విషమునకు ఇచ్చు విరుగుడునే ఇచ్చి చూచెను. వాలిన కనురెప్ప లేచెను. నేడు మన సహోదరి మ్రింగు బిళ్ల ఆ జాతి మందే.

వాలిన కనురెప్ప అని వ్రాయుచుండగా మా చేయి ఆగుచున్నది. ఈమె రెండు సంవత్సరములు మా సాయంకాలపు కూటములలో కన్నులు సగము మూసికొని కూర్చుండెను. నిద్రపోవుచున్నదని మేము తలంచితిమి. ఒకసారి పౌలు ప్రసంగించుచుండగా కిటికీలో కూర్చుండి కునికి క్రిందపడిన ఐతుకును గూర్చి చెప్పుచు ఆమెవైపు చూచి నవ్వితిమి. సంఘమంతయు నవ్వెను. పొలములోనివారు ఆమెను బద్ధకస్థురాలనిరి. మధ్యాహ్నమునకు ఆమె చేతులు నాటు కట్ట పట్టలేకపోయెడివి. అన్నము నాలుగు ముద్దలు నమలుసరికి దవడ అలసెడిది. ఈ సంగతులు మాకు తెలియకపోలేదు. తెలిసియు ఒకదానితో ఒకటి కలిపి చూడలేదు. మీ ఊళ్లలో రెప్పలు వాలి, మాట ముక్కులోనుండి వచ్చుచు, సాయంకాలమునకు నీరసించువారు ఎవరైననుండినయెడల వారిని గద్దింపక నరముల వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి.

ఈ స్తెనోస్ కుటుంబమువారు ఇంగ్లీషులో ఇంకను ఉన్నారు. బడిలో డ్రిల్లు మాష్టారు చేయించు చేతుల కసరత్తునకు కాలిస్తెనిక్స్ అని పేరు. కల్లోస్ అనగా అందము, అందమును బలమును కలిసినది గనుక ఆ పేరు. భూమి గట్టి పైపొరక్రింద మెత్తబడిన పొర ఒకటి కలదు. దానికి 1914లో బారెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అస్తెనోస్ఫియరు, అనగా బలహీనమైన పొర అని పేరు పెట్టెను. ఖండములన్నియు ఆ బలహీనమైనదానిమీదనే మెల్లగా కదలుచున్నవట. ఇక న్యూరస్తీనియా అను మాట మీరు ఇంగ్లీషులో వినకపోయినను తెలుగులో గోడలమీద చదివియుందురు. ‘నరాల బలహీనత’ అని పెద్ద అక్షరములతో వ్రాసి, క్రింద ఫోను నంబరు వేసి మందులు అమ్ముదురు గదా, ఆ మాటకు ఈ మాట సరిగా సరిపోవును. 1869లో బియర్డ్ అను అమెరికా వైద్యుడు న్యూరస్తీనియాను ప్రచారములోనికి తెచ్చెను. నేటి వైద్యులు దానిని దాదాపు విడిచిపెట్టిరి గాని మన గోడలు విడిచిపెట్టలేదు. బలము లేదను భయము అమ్ముడుపోవునంతగా మరేదియు అమ్ముడుపోదు కాబోలు. మా జంక్షనుకు ఆ పేరే రోడ్లు కలియుచోటనున్న ఆంజనేయస్వామి గుడినిబట్టి వచ్చినది. బలము కావలెనని అక్కడ ఆగి నమస్కరించువారిని మేము బస్సుకొరకు నిలిచియుండి ఎన్నోసారులు చూచితిమి. మన మందిరములకు వచ్చువారును చాలమట్టుకు అదే అడుగుటకు వచ్చుచున్నారు.

బైబిలులోను స్తెనోస్ పేరుగలవాడు ఒకడు కలడు. సొస్తెనేసు. క్షేమమైన బలము గలవాడని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అపొస్తలుల కార్యములు 18:17లో ఆయన కొరింథులో సమాజమందిరపు అధికారి. న్యాయపీఠము ఎదుటనే జనులు ఆయనను పట్టుకొని కొట్టిరి. గల్లియోను అను అధిపతి లక్ష్యపెట్టలేదు. బలమని పేరు పెట్టుకొనినవాడు దెబ్బలు తినిన ఊరికే పౌలు కొరింథీయుల మొదటి పత్రిక వ్రాయుచు, సొస్తెనేసు అను సహోదరుని పేరును తన పేరుతో చేర్చెను. ఇద్దరును ఒకరే అని అనేకులు తలంతురు, కాదనువారును కలరు. ఎవరైనను, ఆ మొదటి అధ్యాయము చివరనే దేవుని బలహీనతను గూర్చియు, లోకములో బలహీనులైనవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చియు పౌలు వ్రాసెను. అక్కడి మాటయు ఈ కుటుంబములోనిదే.

ఇక మా తప్పిదమును చెప్పవలెను.

బలమునకు గ్రీకులో స్తెనోస్ ఒక్కటే కాదు. దునమిస్, ఎనెర్గెయా, క్రాతోస్, ఇస్కుస్ అను మాటలును కలవు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 1:19లో పౌలు ఈ నాలుగింటిని కళ్లములో ధాన్యమువలె ఒకే వచనములో కుప్పపోసెను. ఎనెర్గెయానుండి ఎనర్జీ, క్రాతోస్‌నుండి డెమోక్రసీ వచ్చినవి. దునమిస్‌నుండి డైనమో, డైనమైటు వచ్చినవి. బోధకులకు వీటన్నిటిలో డైనమైటుపైన మక్కువ ఎక్కువ. ఆ సహోదరి బిళ్లలు వాడ మొదలుపెట్టిన కొన్ని నెలలకు మేము రోమీయులకు 1:16 తీసికొని, సువార్త దేవుని డైనమైటు అనియు, అది మనలో పేలనియెడల మనలో సువార్తయే లేదనియు గొంతెత్తి ప్రసంగించితిమి. క్వారీలో బండలు పేల్చు పని చేసిన యువకులు తలలూపిరి. మాకును సంతోషముగానుండెను.

ఆరాధన తరువాత ఆమె మెట్లయొద్ద నిలిచి, "అయ్యగారూ, నాలో ఏదీ పేలలేదండి. బిళ్ల వేసుకుంటే లేస్తాను, లేకపోతే లేవలేను. మరి నాలో ఆ సువార్త లేనట్టేనాండి?" అని అడిగెను.

మాకు మరియొక గ్రామములో ఆరాధన ఉండెను. ఆటో నిలిచియుండెను. "ప్రార్థన చేసుకో అమ్మా, విశ్వాసం పెరుగుతుంది" అని చెప్పి ఎక్కి వెళ్లితిమి.

మరి రెండు వారములకు ఆమె వేరొక ఊరిలో జరుగు కూటములకు వెళ్లెను. అక్కడ ఒక బోధకుడు బిళ్లలు అవిశ్వాసమునకు గుర్తని చెప్పగా ఆమె వాటిని కాలువలో పారవేసెను. నాలుగవ దినమున ఊపిరి అందలేదు. 108 బండిలో సుమారు 40 కిలోమీటర్లు విజయవాడకు తీసికొనిపోయిరి. అక్కడ యంత్రముచేత ఊపిరి ఇప్పించిరి. ఆ బోధకుని నిందించుట సులభము. అయితే ఆయన విత్తినది మేము దున్నియుంచిన నేలలోనే. ఆసుపత్రి వరండాలో ఆమె పెద్ద కుమార్తె ప్రక్కన కూర్చుండి రెండు రాత్రులు ఆ సంగతియే తలంచుకొంటిమి.

అప్పుడు మేము నేర్చుకొనినది మీకును చెప్పుచున్నాము. పౌలు రోమీయులకు పత్రిక వ్రాసినది సుమారు క్రీ.శ. 57వ సంవత్సరమున. డైనమైటు పుట్టినది 1867లో. స్వీడను దేశస్థుడైన ఆల్‌ఫ్రెడ్ నోబెల్, తన తమ్ముడు ఎమిల్ 1864లో నైట్రోగ్లిసరిను పేలుడులో చనిపోయిన తరువాత, ఆ ద్రవమును మెత్తని మట్టిలో ఇంకించి మోయుటకు భద్రముగా చేసి, పాత గ్రీకు మాటను తీసికొని దానికి పేరు పెట్టెను. అదే 1867లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ విద్యుత్తు పుట్టించు యంత్రమునకు డైనమో అను పేరును ఆ మాటనుండియే తీసెను. తల్లి పేరు బిడ్డకు పెట్టవచ్చును గాని పదునెనిమిది వందల ఏండ్ల తరువాత పుట్టిన బిడ్డ గుణమును తల్లికి అంటగట్టుట న్యాయము కాదు. పౌలు పేలుడును గూర్చి ఏమియు ఎరుగడు.

డైనమో ఉపమానమును మేము వాడినదే. దాని మూలసూత్రమును 1831లో కనుగొనిన మైకేల్ ఫారడే కమ్మరి కుమారుడు, లండనులో ఒక చిన్న సంఘమునకు పెద్దగా ఉండినవాడు గనుక ఆయన కథ ప్రసంగములలో బాగుగా ఇముడును. అయితే వెనుకటి దినములలో సైకిలు చక్రమునకు ఆనించు డైనమో దీపమును తలంచుకొనుడి. తొక్కినంతసేపే వెలుగు. కాళ్లు ఆగినప్పుడు దీపమును ఆరిపోవును. దేవుని శక్తి అట్టిదైనయెడల కాళ్లు కదలనివారి గతి ఏమి?

మన తెలుగు బైబిలును దగ్గరగా చూచినయెడల దునమిస్ ఎంత విశాలమైన మాటయో తెలియును. రోమీయులకు 1:16లో శక్తి అని ఉన్నది. మార్కు 5:30లో పండ్రెండేండ్ల రోగిష్టి స్త్రీ వస్త్రము ముట్టగా ప్రభువులోనుండి బయలుదేరినది ప్రభావము. మత్తయి 11:20లో అద్భుతములు. మత్తయి 25:15లో యజమానుడు తలాంతులు పంచునప్పుడు చూచినది దాసుల సామర్థ్యము. 1 కొరింథీయులకు 14:11లో అదే దునమిస్ మాట యొక్క అర్థము. ఈ అయిదును ఒకే గ్రీకు మాట. తలాంతుల సంగతి మాకు మరీ నచ్చినది. ఎవడు ఎంత మోయగలడో ముందు ఎరిగి యజమానుడు ఇచ్చెను. నాలుగు ముద్దలు నమలగల దవడకు ఆయన నాలుగు ముద్దలే లెక్క కట్టును.

స్తెనోస్ మాట క్రొత్త నిబంధనలో నామవాచకముగా ఒక్కసారియు లేదు. దానినుండి వచ్చిన క్రియ ఒక్కచోట, 1 పేతురు 5:10లో కలదు. అక్కడను కొంతకాలము శ్రమపడినవారిని దేవుడు బలపరచుననియే చెప్పబడినది. దాని ఎదుటి మాటయైన అస్తెనెయా, దాని తోడి మాటలు కలిపి సుమారు 80 సారులు కలవు. తెలుగులో అవి ఒకచోట వ్యాధి, ఒకచోట రోగము, ఒకచోట బలహీనత అయినవి గనుక అవి ఒకే కుటుంబమని మనకు కనబడదు. బేతెస్దలో ముప్పదియెనిమిదేండ్లు పడియున్నవానిది అస్తెనెయా. యేసు ప్రేమించిన లాజరుదియు అదే. తిమోతికి తరచుగా వచ్చినవి అవే. పౌలు అతనికి ఒక చీటీ వంటిది వ్రాసి, కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనెను గాని విశ్వాసము చాలలేదని వ్రాయలేదు. త్రోఫిము జబ్బుపడగా పౌలు అతనిని మిలేతులో విడిచి వచ్చెను. 2 తిమోతి 4:20 చూడుడి. తన శరీరమునకు తగిలిన గుడ్డలచేతనే ఎఫెసులో రోగులు స్వస్థపడిన అపొస్తలుడు, తన జతపనివానిని రోగిగానే విడిచి ఓడ ఎక్కెను. అతనిమీద ఒక్క నిందయు మోపలేదు. ఈ వచనమును మేము సెమినారీలో చదివియుంటిమి, పరీక్ష కూడ వ్రాసితిమి. వరండాలో చదివినప్పుడు అది మాకు క్రొత్త వచనముగానుండెను.

2 కొరింథీయులకు 12:9 దగ్గరకు వచ్చితిమి. ముల్లు తీసివేయుమని పౌలు మూడుసారులు వేడుకొనెను. తీయబడలేదు. దునమిస్ పరిపూర్ణమగుటకు ప్రభువు చూపిన స్థలము అస్తెనెయా. రెండు మాటలును ప్రక్కప్రక్కనే ఉన్నవి. అస్తెనెయా పోయిన తరువాత దునమిస్ వచ్చునని అక్కడ లేదు. ఆ వచనము చివర, క్రీస్తు శక్తి తనమీద నిలుచుటను చెప్పుటకు పౌలు వాడిన క్రియకు గుడారము వేయుట అని అర్థము. వరి కోతల కాలములో కుప్ప కాయుటకు రైతు కళ్లము ప్రక్కన చిన్న పాక వేసికొని రాత్రులు అక్కడనే పడుకొనును గదా, ఆ విధముగా దిగి ఉండుట. తరువాతి అధ్యాయము 4వ వచనములో పౌలు ఇంకను ముందుకు పోయి, క్రీస్తు సిలువ వేయబడినదియు అస్తెనెయాలోనే అని వ్రాసెను. ఇది చదివి మేము ఆ బాలికకు చెప్పదగినదేదియు దొరకక, ఆమెకు టీ తెచ్చి ఇచ్చితిమి.

దేవుని కృపచేతను వైద్యులచేతను ఆ సహోదరి పదునొకండవ దినమున ఇల్లు చేరెను. బిళ్లలు వేళ తప్పక వేసికొనుచున్నది. ముల్లు మాత్రము ఉన్నది. మేము మందిరములో నిలుచుండి డైనమైటు ప్రసంగమును వెనుకకు తీసికొంటిమి. ఐతుకు మాటకు ఆమెను అందరి యెదుట క్షమాపణ అడిగితిమి. పెద్దలలో ఒకరు కాపరి అంతగా తగ్గనక్కరలేదనిరి. ఆయన మాట ఆయనది.

లూకా 13వ అధ్యాయములోని స్త్రీ పదునెనిమిదేండ్లు నడుము వంగిపోయి ఉండెను. అక్కడి మాటయు అస్తెనెయాయే. అయినను ఆమె విశ్రాంతిదినమున సమాజమందిరములో ఉండెను. ఆమె ఎట్లు నడిచి వచ్చినదో లూకా చెప్పడు. యేసు ఆమె విశ్వాసమును పరీక్షింపలేదు, ఆమెను చూచి పిలిచెను. కోపపడినది సమాజమందిరపు అధికారి. ఆ కథలో మాకు తగిన స్థానము ఏదియో మాకు తెలిసినది.

ఇప్పుడు మా ఆరాధన ఉదయము ఎనిమిది గంటలకు మార్చితిమి. ఆ వేళకు ఆమెకు గొంతు బాగుండును. వాక్యభాగము చదువుటకు ఆమెకును వంతు ఇచ్చితిమి. గత ఆదివారము లూకా 13 ఆమె వంతు. పదియవ వచనమునుండి మొదలుపెట్టి, పండ్రెండవ వచనమునకు వచ్చుసరికి మాట ముక్కులోనికి పోయెను. ఆమె వ్రేలితో వరుస చూపగా, ప్రక్కన కూర్చున్న పెద్ద కుమార్తె లేచి పదుమూడవ వచనమునుండి చదివెను.